ఎర్రబడని గుండ్రం

రోహిణి కార్తెలో మా ఊరి కోళ్లు ఉడికిన గుడ్లే పెడతాయని ఒకసారి కర్నూలు బస్సులో పక్క సీటాయనకు చెప్పాను. ఆయనది కోస్తా వైపు. నమ్మాలా వద్దా అని నా ముఖంలోకి చూశాడు. "పెంకు మాత్రం మనమే ఒలుచుకోవాలండీ" అన్నాను. అంతే, నమ్మేశాడు. అబద్ధంలో చిన్న కష్టమొకటి కలిపితే మనుషులు తేలిగ్గా నమ్ముతారు. ఇన్నేళ్లలో నేను సొంతంగా కనిపెట్టిన శాస్త్రం ఇదొక్కటే.

ఈ శాస్త్రం వల్ల కడుపేమీ నిండలేదు. కర్నూలులో ఒక కాలేజీ పక్కన జిరాక్సు షాపు పెట్టుకుని బతుకుతున్నాను. పేరు మాత్రం వచ్చింది. నందికొట్కూరు దగ్గర మా పల్లెలో నేను వాన పడుతోందంటే జనం అరచెయ్యి బయటికి చాపి చూసుకుంటారు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచానంటే పాస్టరుగారు గడియారం వంక చూస్తారు. మా అన్న అయితే నేను నోరు తెరవకముందే "సగం తీసేసి చెప్పు, నాకు పనుండాది" అంటాడు.

అలాంటి నేను యాభైకి దగ్గరపడ్డాక ఒకరోజు, ఒక్క ముక్క కూడా కలపకుండా పూర్తి నిజం చెప్పాను. ఆ నిజం మా అన్నకూ నాకూ మధ్య గోడై లేచింది. అదెలా జరిగిందో చెబుతాను. ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు. ఏదన్నా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మా అన్నకు పల్లెలో మిరప చేను ఉంది. దానికి ఉన్నది ఒక్కటే బోరు, అదీ ముసలిది. కాసేపు నీళ్లు పోస్తుంది, తర్వాత గాలి కక్కుతుంది. అప్పుడు మోటారు ఆపి దానికి దమ్ము ఇవ్వాలి. లోపల ఊట చేరాక మళ్లీ వేయాలి. గాలి కక్కేటప్పుడు ఆపకపోతే మోటారు నీళ్లు లేకుండా ఎండుగా తిరిగి కాలిపోతుంది. అలాంటప్పుడు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఒకటి స్టార్టరు పెట్టెలో ఉండేది. కరెంటు కాస్త అటూ ఇటూ అయినా ఆపేస్తోందని మా వైపు చాలామంది రైతుల్లాగే మా అన్న కూడా దాన్ని పీకించేశాడు. పెట్టె మీద లేని నమ్మకం మాకు మనిషి కళ్ల మీద ఉంటుంది.

మా అన్న కూతురు మా ఇంట్లో ఒక గదిలో ఉండి ఇంజనీరింగు చదివింది. ఇప్పుడు అదే గదిలో కూర్చుని హైదరాబాదులోని ఏదో కంపెనీకి యాప్‌లు రాస్తోంది. మా వైపు రైతులు పొలానికి పోకుండా ఫోను నుంచి మిస్డ్ కాల్ ఇచ్చి మోటారు వేసుకోవడం పాత సంగతే. కానీ మిస్డ్ కాల్ మోటారును వేస్తుంది, ఆపుతుందే తప్ప, బోరు నీళ్లు పోస్తోందో గాలి కక్కుతోందో చెప్పదు. అందుకని ఆ పిల్ల పైపుకు చిన్న మీటరు బిగించి, ఆ కబురు ఫోనులోకి వచ్చేలా తండ్రి కోసం ఒక యాప్ తయారుచేసింది. మా అన్నకు చదువు రాదు. కాబట్టి అందులో ఒక్క అక్షరం కూడా లేదు. తెర మధ్యలో పూరీ అంత గుండ్రం ఒకటి. మోటారు ఆగి ఉంటే గుండ్రం ఖాళీ. నీళ్లు పోస్తుంటే లోపల ఆకుపచ్చ. గాలి కక్కితే ఎరుపు. ఎర్రబడగానే గుండ్రం మీద నొక్కితే మోటారు ఆగుతుంది.

"ఎర్ర గుండ్రం ఒకటి, ఆకుపచ్చది ఒకటి, రెండు బొమ్మలు గీసిపెట్టినావామ్మా?" అని అడిగాను.

"లేదు చిన్నాయనా. గుండ్రం ఒకటే, ఒకసారే గీస్తాం. యాప్ నడుస్తా ఉండంగానే దాంట్లో నింపే రంగు మార్చేస్తాం. బోరు నుంచి కబురు రాంగానే కోడు పోయి ఆ గుండ్రాన్ని పట్టుకుని, ఇంక నువ్వు ఎరుపు అని చెప్తాది. అది మారిపోతాది."

"చెప్పంగానే మారేది ఈ కొంపలో అదొక్కటే" అంది నా భార్య, నా వైపు చూసి.

మొదట్లో ఎరుపుతో పాటు ఒక కూత కూడా పెట్టింది. ఒక ఆదివారం పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుండగా మా అన్న జేబులోంచి ఆ కూత లేచింది. చర్చి మొత్తం కళ్లు తెరిచింది. ఆ సాయంత్రమే మా అన్న కూత తీసేయించాడు. రంగులు కూడా కళ్లలో పొడుస్తున్నాయన్నాడు. "రికార్డింగ్ డాన్సు స్టేజీ మాదిరి ఉండాది. కొంచెం మట్టసంగ పెట్టు మ్మా." ఆ పిల్ల ఆకుపచ్చను ముదురు చేసింది, ఎరుపును ఇటుక రంగుకు దించింది. తండ్రి తృప్తిపడ్డాడు.

సరిగ్గా మిరప పూత మీదున్న రోజుల్లో మా అన్నకు ఒక కంట్లో శుక్లం ముదిరింది. కర్నూలులో ఆపరేషన్ చేయించి, దుమ్ములోకి పోకూడదన్నారని మా ఇంట్లోనే పెట్టుకున్నాం. గొడ్లను చూసుకోవడానికి వదిన పల్లెలో ఉండిపోయింది. కట్టు విప్పాక అన్నకు నల్లద్దాలు తగిలించి, ఫోను తెర చూడొద్దన్నారు. కూతురికి పగలంతా కంపెనీ మీటింగులు. అందుకని మా అన్న తన ఫోనును పసిబిడ్డను ఇచ్చినట్టు రెండు చేతులతో నాకు ఇచ్చాడు.

"పూత రాలితే ఈ యేడు పంట లేదు. తెలుసు కదా."

"తెలుసున్నా."

"ఎర్రగయితే ఆపల్ల. కతలు చెప్పుకుంటా కూసోగాకు."

"కూసోనన్నా."

మొదటిరోజు ఏ చిక్కూ రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత తెలిసింది. ఆ రోజంతా మా అన్న మంచం మీద పడుకుని నల్లద్దాల సందులోంచి దొంగచూపులు చూస్తూనే ఉన్నాడు. "రేయ్, ఎర్రగయింది, ఆపు" అనేవాడు, నేను ఆపేవాణ్ణి. తను చెబితే ఆపుతున్నానా, నేనే చూసి ఆపుతున్నానా అన్న ఆలోచన నాకు రాలేదు. ఎందుకొస్తుంది?

మరునాడు ఉదయం త్రీ ఫేజ్ కరెంటు వచ్చే వేళకు నా భార్య అన్నను ఆసుపత్రికి తీసుకుపోయింది. నేను షాపు తెరిచి, ఫోనును జిరాక్సు మిషను మీద నిలబెట్టి, గుండ్రం నొక్కాను. లోపల రంగు నిండింది. ఆ ఉదయం నేను ఎవరికీ కతలు చెప్పలేదు. ఎవరూ నమ్మరు గనక ఈ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను. హాల్‌టికెట్లు తీయించుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్లలు "ఏమన్నా, ఈరోజు ఒంట్లో బాగలేదా" అని కూడా అడిగారు. చేతులు కాగితాల మీద, కళ్లు గుండ్రం మీద. గుండ్రం నిండుగా, నిమ్మళంగా, పెట్టినది పెట్టినట్టే ఉంది. ముసలి బోరుకు ఈరోజు మంచి బుద్ధి పుట్టింది, దమ్ము కూడా అడక్కుండా పోస్తోంది అనుకుని మురిసిపోయాను.

ఎండ ముదిరాక వదిన ఫోను చేసింది.

"ఏమప్పా, మోటారు ఆపలేదా? నేను కలుపు తీసే ఆడోళ్లతో ఆ గట్టున ఉంటి. వచ్చి చూస్తే మడికి చుక్క నీళ్లు లేవు. స్టార్టరు పెట్టె కాలిన వాసన వస్తాంది."

"పోస్తాంది కదా వదినా. గ్రీనే ఉండాది."

"యాడ పోస్తాంది? నీ షాపులో పోస్తాందేమో చూసుకో."

గుండ్రం వైపు చూశాను. అది అప్పటికీ అలాగే ఉంది. నొక్కాను. ఖాళీ అయింది. మళ్లీ నొక్కాను. ఈసారి ఏ రంగూ నిండలేదు.

మెకానిక్కు పైపులన్నీ పైకి లాగి, లోపల వైండింగు మాడిపోయిందని తేల్చాడు. నీళ్లు లేకుండా చాలాసేపు తిరిగిందన్నాడట. సాయంత్రం వదిన ఆ మాట ఫోనులో చెప్పింది. మా అన్న అరిచే మనిషి కాదు. మంచం మీద లేచి కూర్చుని, నల్లద్దాలు సర్దుకుని, మామూలుగానే అడిగాడు.

"ఎంతసేపు ఎర్రగ ఉండె?"

"ఎర్రగ కానేలేదన్నా. మొదట్నుంచీ గ్రీనే."

పక్కన నిలబడిన మా అన్న కూతురి ముఖం పాలిపోయింది. గుండ్రం మారకపోయి ఉంటే తప్పు తనది. గబగబా ల్యాప్‌టాప్ తెరిచి ఏదేదో వెతికింది. కాసేపటికి తలెత్తి నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. జాలి, అనుమానం కలిసిపోయి ఉన్నాయి అందులో.

"మారింది నాయనా. గాలి కక్కినట్టు కబురొచ్చింది, రంగు మారింది. ఫోన్లో గుర్తు కూడా ఉండాది."

మా అన్న మా ఇద్దరి వైపూ తల తిప్పాడు. "అయితే ఇద్దర్లో ఒకరిది అబద్ధం. యాప్‌ది కావల్ల, లేకుంటే వీనిది కావల్ల. యాప్ ఇంకా కతలు నేర్చుకోలేదు."

"అన్నా, చర్చిలో నిలబడి ప్రమాణం చేస్తా."

"దేవుని ఇంటిని ఎందుకు లాగుతావు మధ్యలోకి. గమ్మునుండు." దిండు సర్దుకుంటూ మళ్లీ అన్నాడు. "మాటల్లో పడి మర్చిపోయినా అని ఒక్కమాట చెప్పుంటే పోనీలే అనుకుంటి. మోటారు పోతే మోటారు వస్తాది. నా ముఖం మీదే అబద్ధం చెప్తాండావు చూడు, దానికేం చేసేది? ఇంక నా చేను గట్టు తొక్కగాకు."

అనేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇన్నేళ్లూ నేను చెప్పిన ఉడికిన గుడ్లనూ, బిందె మోసుకుని తుంగభద్ర దాటిన చేపనూ నవ్వుతూ విన్న మనిషి, నా నోట్లోంచి వచ్చిన ఒక్క నిజానికి నన్ను చేను నుంచి వెళ్లగొట్టాడు. ఆయనకు కావలసింది కూడా తెలుస్తూనే ఉంది. "అవునన్నా, మాటల్లో పడి మర్చిపోయినా" అంటే చాలు. అన్న దక్కుతాడు. అంత చిన్న అబద్ధం నాకొక లెక్కా? నోటి చివరిదాకా వచ్చింది. అక్కడ ఇరుక్కుంది. నేను గుండ్రాన్ని చూశాను. రెప్ప కూడా సరిగా వేయకుండా చూశాను. అది మారలేదు. మారని దాన్ని మారిందని ఎలా చెప్పేది?

మరునాడు పొద్దున బొరుగుల ఉగ్గాని తింటున్నాను. మా అన్న లోపలి గదిలోనే తింటానన్నాడు, నా ఎదురుగా కూర్చోడానికి ఇష్టం లేక. ఆయన కూతురు తన ఫోనూ ల్యాప్‌టాపూ తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.

"చిన్నాయనా, ఇది మాదిరికి. బోరు లేదు, మోటారు లేదు. నేను ఈడ నొక్కితే ఫోన్లో గుండ్రం రంగు మారుతాది. ఇప్పుడేముండాది?"

"గ్రీను."

"ఇప్పుడు?"

"గ్రీనే. నొక్కు మరి."

"నొక్కినా."

"యాడ నొక్కినావు?"

నా భార్య బజ్జీల పళ్లెం పట్టుకుని నా భుజం మీదుగా వంగింది. "ఎర్రగ కనపడ్తా ఉంటే లేదంటారేంది?"

నేను నవ్వాను. నిన్నటి గొడవ తేలికపరచడానికి ఇద్దరూ కూడబలుక్కుని నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. "ఆ, ఎర్రగయింది, దానికి రెండు కొమ్ములు కూడా మొలిచినాయి" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. నా ముఖం మీంచి చూపు తిప్పకుండా మళ్లీ నొక్కింది. "ఇది?" అదే. "ఇది?" అదే, కొంచెం మాసినట్టుంది. "ఇది?"

ఉలిక్కిపడ్డాను. చేతిలోని ఉగ్గాని పళ్లెంలో పడింది. "నీలం. ఇది నీలం కదా."

ఎవరో ఎదురుగా నిలబడి ముఖాన నీళ్లు కొట్టినట్టయింది. గుండ్రం నా కళ్లెదుట మారిపోయింది. ఇలా మారుతుందా అది? మొన్న అన్నకు ఇలాగే మారి కనిపించేదా?

"చిన్నాయనా, మాగిన టొమోటా ఏ రంగుంటాది?"

"ఎరుపు."

"ఎట్ల తెలుసు నీకు?"

బళ్లో చెప్పారు. అందరూ అంటారు. రక్తం ఎరుపు, టొమోటా ఎరుపు, వేపాకు ఆకుపచ్చ. ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేస్తాను. అంతేగానీ ఈ రెండూ వేరువేరని నా కళ్లు నాకు ఎన్నడూ చెప్పలేదు. చౌరస్తాలో సిగ్నలు దగ్గర పైది వెలిగితే ఆగుతాను, కిందిది వెలిగితే పోతాను. అందరూ అలాగే చేస్తారనుకున్నాను.

కొందరు మగవాళ్లకు పుట్టుకతోనే ఇలా ఉంటుందని, ఆకుపచ్చా ఎరుపూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయని ఆ పిల్ల మెల్లగా చెప్పింది. తర్వాత కంటి డాక్టరు కూడా అదే అన్నాడు. నేను వింటున్నానే గానీ మనసు అక్కడ లేదు. చిన్నప్పుడు మా పల్లె మొండిగోడల మీద ఎండాకాలం తొండలు ఎక్కి తలలూపేవి. "ఎర్రబడె, తల ఎర్రబడె" అని నా ఈడు పిల్లలంతా వాటి వెంట పరిగెత్తేవాళ్లు. నాకు తల ఊపే తొండే కనిపించేది. వీళ్లంతా లేనిది కల్పించి చెబుతున్నారు, ఆట ఇదే కాబోలు అనుకున్నాను. ఎవరు బాగా కల్పిస్తే వాడిది గెలుపు. "నేను చూసినదానికి మీసాలు మొలిచినాయిరా" అన్నాను. అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు రుచించింది. ఆరోజు మొదలుపెట్టినవాణ్ణి ఇప్పటిదాకా ఆపలేదు.

నేను వాళ్లను అబద్ధాలకోరులనుకున్నాను. వాళ్లు ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఈ సంగతి ఉగ్గాని పళ్లెం ముందు కూర్చున్నప్పుడు తట్టింది.

ఆ పిల్ల ఉత్సాహంగా లోపలికి పోయి తండ్రికి సంగతంతా చెప్పింది. మా అన్న బయటికి వచ్చాడు.

"బాగుండాది. కొత్త కత. ఈసారి దీనికి నా కూతురే సాక్ష్యం."

"కత కాదు నాయనా. చిన్నాయనకు కనపడదు."

"కనపడదని నేను కూడా చెప్తా. ఈ గోడ నాకు కనపడదు. కొట్టుకుంటా చూడు." నిజంగానే గోడకు భుజం తగిలించాడు. "లేనిది కనపడిందంటే పట్టుకోవచ్చు. ఉన్నదాన్ని కనపళ్ళేదంటే ఎవడు పట్టుకుంటాడు మ్మా?"

నా మాటను రుజువు చేసుకునే దారే లేకుండా పోయింది. తండ్రి మాటనే తలలో తిప్పుకుంటూ ఆ పిల్ల తన గదిలోకి పోయి తలుపేసుకుంది. షాపుకు పోవాలనిపించలేదు. వరండాలో కూర్చున్నాను. లోపల కీబోర్డు టకటకలు వినిపిస్తూనే ఉన్నాయి.

అన్నాలు తినే వేళకు బయటికి వచ్చింది. "నాయనా, ఉన్నదాన్ని లేదంటే పట్టుకోలేమంటివి కదా. మన కండ్లకు లేనిదాన్ని చిన్నాయన ఉందని చెప్తే?"

ఫోను తెర నిండా చిన్నచిన్న చుక్కలు. చుక్కల లోపల తను ఒక బొమ్మ దాచిందట. మామూలు కళ్లున్నవాళ్లకు ఎరుపూ ఆకుపచ్చా చేసే గలాటాలో ఆ బొమ్మ మునిగిపోతుంది. నాలాంటివాళ్లకు ఆ గలాటా కనిపించదు గనక బొమ్మ తేటగా తేలుతుంది. ఆమె చెప్పింది ఇది.

"మీరిద్దరూ ముందే మాట్లాడుకునింటారు" అన్నాడు మా అన్న.

"అయితే ఏం బొమ్మ పెట్టల్లో నువ్వే చెప్పు. నా చెవిలో చెప్పు. చిన్నాయన బయటికి పోతాడు."

నన్ను వీధి మలుపు దాకా తరిమి, కాపలాకు నా భార్యను కూడా పంపించాడు మా అన్న. ఎండలో ఇద్దరం గొడుగు లేకుండా నిలబడ్డాం. "నిజం చెప్పండి, ఇది నాటకం కాదు కదా" అని అడిగింది. ఇన్నేళ్లు నాతో కాపురం చేసిన మనిషి. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

పిలుపు వచ్చాక లోపలికి పోయాం. మొదట తేలును పెట్టమన్నాడట మా అన్న. తేలును గీయలేను, సులువుది చెప్పమని కూతురు బతిమాలితే ఇంకోటి చెప్పాడట. డాక్టరు వద్దన్నాడని మేము అంటున్నా వినకుండా నల్లద్దాలు తీసేసి, ఫోనును కొత్త కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. పాత కంటి దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఏం లేదు. అలసందలు పారబోసినట్టుండాది." నా భార్యకు చూపించాడు. ఆమెకూ చుక్కలే తప్ప ఏమీ కనిపించలేదు. అప్పుడు ఫోను నా చేతికి వచ్చింది.

చూడ్డానికి ఏముంది, అది అక్కడే ఉంది. ఇంత పెద్ద బొమ్మ వీళ్లకు కనిపించకపోవడమేమిటని ఈసారి నాకు అనుమానం వచ్చింది.

"కొడవలి" అన్నాను. "పిడి కిందుండాది. మొన కుడిపక్కకు తిరిగిండాది."

మా అన్న కూతురి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. "ఇంకోటి" అన్నాడు. మళ్లీ నన్ను ఎండలోకి పంపాడు. వచ్చి చూసి గొడుగన్నాను. మళ్లీ పంపాడు. చెంబన్నాను. చెంబుకు మూతి కొంచెం వంకర పోయిందని కూడా అన్నాను. "అది నేను గీసింది బాగలేక" అంది ఆ పిల్ల.

ఆ తర్వాత ఆమె ల్యాప్‌టాప్‌లో ఏదో నొక్కి, ఫోనును అందరి ముందూ పెట్టింది. చుక్కలు కదలలేదు. ఉన్నవి ఉన్నచోటే ఉండి రంగులు మాత్రం మారాయి. నా భార్య ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "అయ్యో దేవా, ఈడనే ఉండె చెంబు." మా అన్న మంచం మీద కూలబడ్డాడు.

తర్వాత ఒక కంటిని అరచేత్తో మూసుకుని గోడను చూశాడు. చెయ్యి మార్చి రెండో కంటిని మూసుకుని చూశాడు. మళ్లీ మార్చాడు. ఏం చేస్తున్నాడో నాకర్థం కాలేదు.

"ఆపరేషన్ అయిన కంటికి ఈ గోడ సున్నం మాదిరి తెల్లగుండాది" అన్నాడు చివరికి. "ఇంకో కంటికి టీ నీళ్లు చల్లినట్టుండాది. ఇన్నాళ్లూ గోడల రంగు ఇదే అనుకుంటి. నా రెండు కండ్లే ఒక మాట మీద లేవు కదరా."

నేను ఊ అన్నాను.

"మిరపకాయ పండితే నీకెట్ల తెలుస్తాది?"

"చేత్తో పట్టుకుంటే తెలుస్తాది. మెత్తబడింటాది."

"చిన్నప్పుడు పండ్లు కోయమంటే కాయలన్నీ కోసేసినావని నాయన నిన్ను పగ్గంతో కొట్టె. అందుకేనా?"

"అందుకేనేమో."

"మరి చెప్పలేదే నాయనకు."

"నాకు తెలిస్తే కదన్నా చెప్పేది."

"శానా కొట్టె" అన్నాడు. ఆ దెబ్బలు ఇప్పుడే చూస్తున్నట్టు నా వీపువైపు చూశాడు.

ఆయన కూతురు ఆ సాయంత్రమే యాప్ మార్చింది. నీళ్లు పోస్తే నీలం, గాలి కక్కితే పసుపు. నాలాంటివాళ్లు ఇంకెందరున్నారో అని, గాలి కక్కినప్పుడు గుండ్రం రంగుతో పాటు చదరం కూడా అయ్యేలా చేసింది. కానీ చేను గట్టు సంగతి మా అన్న ఎత్తలేదు. తొక్కొద్దన్న మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు. నమ్మడం వేరు, ఫోను మళ్లీ చేతికివ్వడం వేరు. మోటారు రిపేరై వచ్చిన రోజు మాత్రం, అన్నం తింటూ గిన్నెవైపు చూస్తూ అన్నాడు. "రేపు మోటారు దించుతాండారు. నువ్వు కూడా రా."

పోయాం. చేను అంచుల్లో పూత చాలా రాలింది. మధ్యలో ఇంకా నిలిచి ఉంది. మెకానిక్కు పైపులు దించి, మూత బిగించి పోయాడు. మా అన్న నల్లద్దాలతో గట్టు మీద నిలబడ్డాడు. వదిన పైపు మూతి దగ్గర చీర చెంగు నడుముకు చుట్టుకుని నిలబడింది. కరెంటు వచ్చింది. మా అన్న జేబులోంచి ఫోను తీసి, కూతురి చేతికి కాకుండా నా చేతికిచ్చాడు.

"వెయ్."

నొక్కాను. గుండ్రంలో నీలం నిండింది. పైపు దగ్గి, గొంతు సవరించుకుని, బురద కక్కి, ఆ తర్వాత నీళ్లు పోసింది. మా అన్న వెనక్కి తిరిగి మిరప సాళ్ల వెంట నీళ్లు పోయే దారి చూసుకుంటూ నడిచాడు. నేను కదల్లేదు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. గుండ్రం నీలంగా ఉంది, ఉంది, ఉంది. ఉన్నట్టుండి పసుపై, మూలలు పొడుచుకుని చదరమైంది. మోటారు నడుస్తుండగా రంగు మారడం నేను చూడటం అదే మొదలు.

"మారిందన్నా."

మా అన్న మడిలో వంగి, వీపు నావైపు పెట్టి ఉన్నాడు. "ఏమాయ?"

"పసుపయింది. గాలి కక్కుతాంది."

"ఉండప్పా" అంది వదిన, పైపు మూతి కింద చెయ్యి పెట్టబోతూ. "నిజమో కాదో నేను చూసి చెప్తా."

"చూసేదేముంది" అన్నాడు మా అన్న. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, తల తిప్పలేదు. "వాడు చెప్పె కదా. ఆపమను."

నేను నొక్కాను. చదరం మళ్లీ గుండ్రమై ఖాళీ అయింది.